బషీర్‌బాగ్‌లో బాగ్ ఏది?

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న బుజ్జిది ఫోన్‌లో ఒక పాత ఫోటో చూపించి అడిగిన ప్రశ్నకు అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. "తాతయ్యా, దీనికింద బషీర్‌బాగ్ ప్యాలెస్ అని రాసుంది. మా స్కూలు బస్సు రోజూ బషీర్‌బాగ్ మీదుగానే పోతుంది. అక్కడ బాగూ లేదు, ప్యాలెసూ లేదు. మరి ఇది అక్కడే ఉండేదని ఎట్లా తెలుస్తుంది?" అంది. పెద్దవాళ్లు కూడా అడగాల్సిన ప్రశ్న ఇది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. అన్నయ్యలూ అక్కయ్యలూ చదివి చిన్నవాళ్లకు చెప్పండి.

బాగ్ అంటే తోట. బషీర్ అంటే బషీరుద్దౌలా. సర్ ఆస్మాన్ జా అని పేరుపడ్డ పాయిగా నవాబు ఆయనే. పాయిగాలంటే నిజాం కొలువులో పెద్ద హోదా ఉన్న ప్రభువుల వంశం. 1887 నుంచి 1894 దాకా నిజాం ప్రభుత్వంలో ప్రధానమంత్రి. ఆయన కట్టించుకున్న భవనమూ, దాని చుట్టూ తోటా కలిపి బషీర్‌బాగ్. భవనం పోయింది, తోట పోయింది, పేరు మాత్రం బస్సు బోర్డు మీద మిగిలింది. మీరు చూసిన ఫోటో ఆ కాలంలో రాజా దీన్‌దయాళ్ తీసినది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్ ఆయన. రూర్కీలో ఇంజనీరింగ్ చదివిన మనిషి కాబట్టి ఆయన ఫోటోల్లో గోడలు ఎంత నిటారుగా ఉంటాయో చూడండి. ఈ సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు ప్రశ్న. మీరు పాతాళగరిగె ఎప్పుడూ చూసి ఉండరు. ఇంటింటా బావి ఉన్న రోజుల్లో చేంతాడు తెగి బిందె నీళ్లలో పడిపోతే దాన్ని పైకి తీసే సాధనం అది. ఇనప చట్రానికి చుట్టూ బోలెడు కొక్కేలు వేలాడుతుంటాయి. దాన్ని తాడుకు కట్టి బావిలోకి దింపి, అడుగున మెల్లగా తిప్పుతారు. బిందె పొట్ట నున్నగా, గుండ్రంగా ఉంటుంది. దానికి ఏ కొక్కెమూ పట్టదు. పట్టేది అంచుకే, మెడ దగ్గరే. తొందరపడి గిరగిరా తిప్పితే బురద లేచి నీళ్లు మసకబారతాయి. అప్పుడు తేరేదాకా ఆగాల్సిందే.

కూలిపోయిన భవనం ఆ బావిలో పడ్డ బిందె లాంటిది. ఫోటో మీ చేతిలో ఉన్న పాతాళగరిగె. అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, ఫోటో మధ్యలో ఉన్న భవనాన్నే చూస్తూ కూర్చోవడం. అది బిందె పొట్ట. ఇప్పుడు లేని భవనాన్ని ఎంతసేపు చూసినా అది ఎక్కడుందో చెప్పదు. మీరు చూడాల్సింది ఫోటో అంచులు. ఎడమ మూలన ఏ చెట్టుంది, వెనక ఆకాశానికి ఆనుకుని ఏ గుట్ట కనిపిస్తోంది, రోడ్డు ఎటు దిగుతోంది, ప్రహరీగోడ ఎక్కడ వంగింది, దూరంగా ఏ మీనార్ మొన తేలింది. కొక్కేలు పట్టేది అక్కడే.

అన్నిటికంటే గట్టి కొక్కెం గుట్ట. భవనాలు కూల్చినంత తేలికగా గుట్టల్ని కూల్చలేరు. బషీర్‌బాగ్‌కు వాయవ్యంగా కాలాపహాడ్, నౌబత్ పహాడ్ ఉన్నాయి. ఒకదాని మీద 1976 నుంచి బిర్లామందిర్, ఇంకోదాని మీద 1985 నుంచి ప్లానెటేరియం. పాత ఫోటోలో ఆ కట్టడాలు ఉండవు, వట్టి రాతిగుట్టలే ఉంటాయి. మీరు చూసే ఫోటోలో వెనకవైపు అట్లాంటి గుట్టగీత ఉంటే దాన్ని పల్చటి కాగితం మీద పెన్సిల్‌తో దించుకోండి. మందిరమూ ప్లానెటేరియం గోపురమూ చేతితో మూసి ఇప్పటి గుట్టతో పోల్చండి.

ఒక్క కొక్కెం పట్టి లాగితే బిందె పక్కకు ఒరిగి మళ్లీ జారిపోతుంది. రెండు పట్టాలి. ఫోటోగ్రాఫర్ ఎక్కడ నిలబడ్డాడో కనుక్కోవడానికి కూడా రెండు కావాలి. ఇది కొంచెం నిదానంగా చదవండి.

ఒక కన్ను మూసి, బొటనవేలు చాచి, దాంతో ఎదుటి ఇంటి కిటికీని కప్పండి. ఇప్పుడు తల కుడివైపు జరపండి. వేలు ఎడమకు పోయి, కిటికీ వేలికి కుడిపక్కన బయటపడుతుంది. మీరు ఎటు జరిగితే దగ్గరి వస్తువు దానికి వ్యతిరేకంగా జరిగినట్టు కనిపిస్తుంది. అంతే రహస్యం. ఫోటోలో ఒక స్తంభం అంచు సరిగ్గా గుట్టశిఖరాన్ని కప్పి ఉందనుకోండి. మీరు వెళ్లి చూస్తే శిఖరం స్తంభానికి కుడివైపు బయటపడి కనిపిస్తోంది. అంటే మీరు ఎడమకు జరగాలి. జరుగుతూ జరుగుతూ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చిన చోట ఆగితే, మీరు ఒక గీత మీద నిలబడ్డట్టు. ఇంకో జంట వస్తువులతో ఇంకో గీత దొరుకుతుంది. మ్యాపు మీద రెండు గీతలూ కలిసిన చోటే ఆయన మూడుకాళ్ల స్టాండు నిలిపినది.

ముందుకా వెనక్కా అన్నది తేల్చడానికి ఇంకో కిటుకు. ముందుకు నడిస్తే దగ్గరివి గబగబా పెద్దవవుతాయి, దూరపువి దాదాపు అట్లాగే ఉంటాయి. పాత ఫోటోలో గేటు గుట్టకంటే పెద్దగా ఉండి, మీకు చిన్నగా కనిపిస్తే ఇంకా ముందుకు నడవండి. ఫోన్‌లో జూమ్ చేస్తే సరిపోతుందని అనుకోకండి. జూమ్ రెంటినీ కలిపి పెంచుతుంది, వాటి నిష్పత్తి మారదు. కాళ్లతో నడవాల్సిందే. ఎత్తు కూడా చూడాలి. చదునైన నేల మీద దగ్గరి మనిషి తల, దూరపు మనిషి తల ఒకే గీత మీద ఉంటే కెమెరా కూడా దాదాపు ఆ ఎత్తులోనే ఉంది. దగ్గరివాళ్ల తలలు బాగా కిందికి ఉంటే ఆయన ఏ డాబా మీదో నిలబడ్డాడు.

ఫోటో తీసేటప్పుడు పిల్లలు తప్పకుండా చేసే తప్పు ఒకటుంది. ఎత్తయిన భవనం మొత్తం పట్టాలని ఫోన్‌ని పైకి వంచుతారు. వెంటనే గోడలు రెండూ పైన దగ్గరపడి, భవనం వెనక్కి వాలినట్టు వస్తుంది. దీన్‌దయాళ్ కెమెరాలో కటకం ఉన్న పలకను పైకి జరిపే వీలుండేది, అందుకే కెమెరా వంచకుండానే పైభాగం వచ్చేది, గోడలు నిటారుగా నిలిచేవి. మీ ఫోన్‌కు ఆ వీలు లేదు. కాబట్టి ఫోన్‌ని గోడగడియారంలా నిటారుగా పట్టుకుని, ఎక్కువ వెడల్పుతో తీసి, కింద అనవసరంగా వచ్చిన రోడ్డుని తర్వాత కత్తిరించండి.

పాత ఫోటోలో రంగులుండవు కదా, నలుపూ తెలుపూ చూసి రంగు ఊహించకండి. మా చిన్నప్పటి ఫోటో స్టూడియోల్లో తెర మీద మెట్లూ పూలకుండీలూ గీసి ఉండేవి. వెనక చీకటిగది ఉండేది. ఆ గదిలో ఎర్రబల్బు మాత్రమే వెలిగేది. ఫోటో కాగితానికి ఎరుపు కనిపించదు, అందుకని ఆ వెలుతురు దాన్ని పాడుచేయదు. ఆ ఎర్రటి వెలుతురులో తొట్టెలోని తెల్లకాగితం మీద ముందు కళ్లు, తర్వాత మీసం, తర్వాత చొక్కా గుండీలు తేలి వచ్చేవి. మంత్రం వేసినట్టు ఉండేది. దీన్‌దయాళ్ నాటి గాజుపలకలదీ అదే గుణం. నీలం వాటికి బాగా కనిపించేది, ఎరుపు దాదాపు కనిపించేది కాదు. అందుకే ఆ ఫోటోల్లో ఆకాశం వట్టి తెల్లగా ఉంటుంది, ఎర్రటి ఇటుకగోడ నల్లబడి ఉంటుంది, ఎర్ర తలపాగా నల్లటోపీలా కనిపిస్తుంది.

"అంత పెద్ద వీధిలో మనుషులెందుకు లేరు?" అని చిన్నవాడు అడిగాడు. ఉన్నారురా. కటకం రంధ్రం చిన్నది చేసి సెకండ్ల తరబడి తెరిచి ఉంచితే, నడిచేవాళ్ల గుర్తు పలక మీద నిలవదు. ఆగి కూర్చున్నవాడు పడతాడు. నడిచివెళ్లినవాడు పొగలా మిగులుతాడు, లేదా మాయమవుతాడు. భూతద్దంతో చూడండి, రోడ్డు మీద మసకగా ఒక గుర్రబ్బండి చక్రం దొరకవచ్చు.

ఇక బురద సంగతి, అంటే మీ వెతుకులాటను మసకబార్చే తప్పుల సంగతి. గాజు నెగటివ్‌ను తిరగేసి అచ్చువేస్తే ఫోటో అద్దంలోలా కుడిఎడమలు మారిపోతుంది. మీరు గంటల తరబడి తప్పువైపు వెతుకుతారు. ముందే పరీక్షించండి. ఎక్కడైనా ఉర్దూ అక్షరాలో గడియారమో ఉంటే తిరగబడ్డాయేమో చూడండి. అవి లేకపోతే సిపాయి కత్తి చూడండి, మామూలుగా ఎడమ నడుముకు వేలాడాలి. రెండో బురద ఫోటోకింద రాత. ఒకే చోటుని బషీర్‌బాగ్, బషీర్ బాగ్ అని విడగొట్టీ కలిపీ, ఇంగ్లిషు అక్షరాలు రకరకాలుగా మార్చీ రాస్తారు. వెతికేటప్పుడు అన్నీ ప్రయత్నించండి. రాత తప్పు కావచ్చు, గుట్ట తప్పు కాదు.

నీడలు కూడా సాక్ష్యం చెప్తాయి. హైదరాబాద్‌లో ఏడాదిలో ఎక్కువ రోజులు మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మాత్రం సూర్యుడు మన నెత్తిని దాటి ఉత్తరానికి పోతాడు. ఉత్తరముఖంగా ఉన్న గోడ మీద నడిమధ్యాహ్నం ఎండ పడుతున్న ఫోటో దొరికితే అది ఎండాకాలపు చివరో వానాకాలపు మొదటి సగంలోనో తీసింది. నూట ముప్ఫై ఏళ్ల కిందటి ఒక మధ్యాహ్నం ఏ ఋతువులోదో ఒక నీడ చెప్పగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

బషీర్‌బాగ్ కష్టమైన లెక్క. దగ్గరి వస్తువులన్నీ పోయాయి, ఫ్లైఓవర్ అడ్డం. అందుకని ముందు చార్మినార్ దగ్గర సాధన చేయండి. 1591 నాటి కట్టడం, చుట్టూ నాలుగు కమాన్లు ఇప్పటికీ ఉన్నాయి. పాత ఫోటోలూ బోలెడు. వీధి మధ్యలో నిలబడితే ముందున్న రెండు మీనార్ల లోపలివైపు వెనక మీనార్లు రెండూ సమానంగా కనిపిస్తాయి. కుడికి జరిగితే కుడివైపు ముందు మీనార్ తన వెనకదాన్ని కప్పేస్తుంది. ఈ ఒక్కటీ చేతనైతే మిగతాదంతా వస్తుంది. ఆ దారిలోనే దివాన్‌దేవ్‌డీ పేరు వినండి. నిజాం దగ్గర ప్రధానులుగా పనిచేసిన సాలార్‌జంగ్‌ల మహల్ అది. 1951లో సాలార్‌జంగ్ మ్యూజియం మొదలైంది అందులోనే, 1968లో ఇప్పటి భవనానికి మారింది. అక్కడా పేరే ఎక్కువ మిగిలింది. పాత మ్యాపులు కావాలంటే, 1908 మూసీ వరద తర్వాత 1912–15 మధ్య లియోనార్డ్ మన్ అనే ఆయన చేయించిన మునిసిపల్ సర్వే షీట్లు చూడమని మీ టీచరుగారిని అడగండి. దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి.

మహళ్లకు దీన్‌దయాళ్ దొరికాడు. మన వీధి మూలన ఉన్న పెంకుటిల్లుకు, పాత కిరాణాకొట్టుకు మీరే దిక్కు. 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్‌ను 2020 జూలైలో సచివాలయం పాత బ్లాకులతోపాటు పడగొట్టారు. అంత పెద్దదే నిలవనప్పుడు చిన్నవి ఎన్నాళ్లుంటాయి? కూల్చారని బాధపడటం తప్పు కాదు, కానీ ముందే ఫోటో తీసి ఉంచడం మీ చేతిలో పని. ఎదుటి ఫుట్‌పాత్ నుంచి, రెండు పక్కల ఇళ్లూ కొంచెం కొంచెం వచ్చేలా ఒకటి. వీధి చివరినుంచి ఒకటి. తలుపూ కిటికీ చెక్కడం దగ్గరగా ఒకటి. తేదీ, మీరు నిలబడ్డ చోటు, ఏ దిక్కుకు చూస్తున్నారో రాసి పెట్టండి. అంచులు వదిలేయకండి, రేపటి పిల్లలకు కొక్కేలు పట్టేది అక్కడే.

అమ్మమ్మ పెట్టెలో ఉన్న ఫోటోలు కాపీ చేసేటప్పుడు ఫ్లాష్ వద్దు. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన బల్ల మీద పరిచి, ఫోన్‌ని ఫోటోకి సమాంతరంగా పట్టండి. ఫోటో వెనకవైపు కూడా తీయండి, స్టూడియో ముద్రా తేదీ అక్కడే ఉంటాయి. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయినదాన్ని పీకకండి, బొమ్మ పొర అద్దంతో ఊడివస్తుంది. నల్లగుడ్డ అడ్డంపెట్టి మెరుపు పడకుండా అద్దం మీదుగానే తీయండి. వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిలే వాడండి, బాల్‌పెన్ నొక్కితే ముందువైపు గీత తేలుతుంది. లామినేషన్ అసలే వద్దు.

వచ్చే ఆదివారం పొద్దున్నే, ట్రాఫిక్ పెరగకముందు, మీ నాన్నతో కలిసి బషీర్‌బాగ్ వెళ్లండి. ఫోటో ఫోన్‌లో కాదు, కాగితం మీద తీసుకెళ్లండి, ఎండలో తెర కనిపించదు. ఒకరు ఫోటో పట్టుకోండి, ఒకరు నడవండి, ఒకరు బండ్లు చూడండి. భవనాల సందుల్లోంచి వాయవ్యం వైపు చూస్తూ నడిస్తే ఎక్కడో ఒకచోట గుట్ట కనిపిస్తుంది. అక్కడ ఆగి, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఆ రాతిని చూడండి. దీన్‌దయాళ్ నల్లగుడ్డలో తల దూర్చినప్పుడు కూడా అది అక్కడే ఉంది.

మీరు ఆగిన చోటికి మ్యాపు మీద చుక్క పెట్టి నాకు పంపండి.

మీ తాతయ్య