సౌర ఫలకాల విద్యుత్ నమూనాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒక సౌర వ్యవస్థ ఏడాదికి ఎన్ని యూనిట్లు ఇస్తుందో ముందుగానే లెక్కగట్టడం నా వృత్తి. లెక్క తప్పినప్పుడు అందరూ మొదట సమీకరణాన్ని అనుమానిస్తారు, కానీ తప్పు ఎక్కువగా ఆ సమీకరణానికి మనం అందించిన విలువల్లోనే దొరుకుతుంది.

అపోహ: 400 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో 400 వాట్లు ఇస్తుంది.

వాస్తవం: ఆ అంకెను చదరపు మీటరుకు 1000 వాట్ల కాంతిలో, సెల్ (ప్యానెల్‌లో విద్యుత్ పుట్టించే చిన్న ఘటకం) ఉష్ణోగ్రతను 25 డిగ్రీల వద్ద ఉంచి కొలుస్తారు; దీన్నే ప్రామాణిక స్థితి అంటారు. ఆరుబయట ఈ రెండూ కలిసిరావడం అరుదు, ఎందుకంటే అంత ఎండ పడితే సెల్ వేడెక్కక మానదు. తయారీదారు ఇచ్చే డేటాషీట్‌లో ‘నాక్ట్’ (మామూలుగా పనిచేసేటప్పటి సెల్ ఉష్ణోగ్రత) విలువ 45 డిగ్రీలని ఉంటే, 800 వాట్ల ఎండలో, 20 డిగ్రీల గాలిలో సెల్ అంత వేడెక్కుతుందని అర్థం. ఆ నిష్పత్తిలో లెక్కిస్తే, గాలి 35 డిగ్రీలు, ఎండ 1000 వాట్లు ఉన్నప్పుడు సెల్ దాదాపు 66 డిగ్రీలకు చేరుతుంది. డిగ్రీకి 0.4 శాతం శక్తి తగ్గే ప్యానెల్ అయితే అప్పుడు సుమారు 334 వాట్లే వస్తాయి. నాక్ట్‌ను వెనుక గాలి ధారాళంగా ఆడే చట్రం మీద కొలుస్తారు; పైకప్పుకు ఆనించి బిగించినప్పుడు వేడి ఇంకా పెరుగుతుంది.

అపోహ: చలి ఉదయాల్లో ఎండ తక్కువ కాబట్టి వోల్టేజి గురించి బెంగ అక్కర్లేదు.

వాస్తవం: దీని మీద నేను కాస్త గట్టిగానే వాదిస్తాను, ఎందుకంటే ఇక్కడ పోయేది నాలుగు యూనిట్లు కాదు, ప్యానెళ్ల విద్యుత్తును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరే ఏకంగా పోతుంది. కరెంటు ఎండకు దాదాపు అనులోమానుపాతంలో మారుతుంది, వోల్టేజి మాత్రం సంవర్గమానాన్ని (లాగరిథమ్‌ను) అనుసరిస్తుంది, అంటే చాలా నెమ్మదిగా మారుతుంది. 72 సెల్స్, 49 వోల్టుల ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (కరెంటు పారనప్పటి వోల్టేజి) ఉన్న ప్యానెల్‌లో ఎండ ఐదో వంతుకు పడిపోయినా వోల్టేజి తగ్గేది సుమారు 6 శాతమే. చలి దాన్ని పైకి నెడుతుంది: డిగ్రీకి 0.28 శాతం గుణకంతో, సెల్ సున్నా డిగ్రీల వద్ద ఉంటే 52.4 వోల్టులవుతుంది. అటువంటి 20 ప్యానెళ్లను వరుసగా కలిపితే ప్రామాణిక స్థితిలో 980 వోల్టులు వస్తాయి. 1000 వోల్టుల పరిమితి గల ఇన్వర్టర్‌కు అది సరిపోయినట్టే కనిపిస్తుంది. రాత్రి చలికి సున్నాకు దిగిన సెల్స్ మీద మబ్బు తొలగి ఒక్కసారిగా ఎండ పడితే, అవి వేడెక్కేలోపు, సగం ఎండకే ఆ వరుస 1020 దాటుతుంది.

అపోహ: డేటాషీట్ నుంచి రాబట్టిన ఐదు పరామితులు ప్యానెల్‌ను పూర్తిగా వర్ణిస్తాయి.

వాస్తవం: కాంతి వల్ల పుట్టే కరెంటు, డయోడ్ సంతృప్త కరెంటు, ఐడియాలిటీ గుణకం, శ్రేణి నిరోధం, షంట్ నిరోధం అనేవి సెల్‌ను ఒకే డయోడ్‌గా ఊహించే ‘ఒంటి డయోడ్ సమీకరణం’లోని ఐదు పరామితులు. వీటిని డేటాషీట్ విలువలతోనే రాబట్టే పద్ధతిని 2006లో డి సోటో, క్లైన్, బెక్‌మన్ ప్రచురించారు. అది ఉపయోగకరమైన పద్ధతే. అయితే ప్రామాణిక స్థితిలోని షార్ట్ సర్క్యూట్, గరిష్ఠ శక్తి, ఓపెన్ సర్క్యూట్ బిందువుల గుండా వెళ్లే రెండు వేర్వేరు పరామితుల సమితులు 200 వాట్ల ఎండ దగ్గర వేర్వేరు ఫలితాలు ఇవ్వవచ్చు. శ్రేణి నిరోధం బలమైన ఎండలోనూ, షంట్ నిరోధం బలహీనమైన ఎండలోనూ ఎక్కువ ప్రభావం చూపుతాయి కనుక, తక్కువ ఎండలో కొలిచిన కరెంటు-వోల్టేజి వక్రరేఖను తయారీదారు నుంచి అడిగి తీసుకోవడం మేలు.

అపోహ: ప్యానెల్‌లో చిన్న భాగం మీద నీడ పడితే నష్టమూ అంతే చిన్నది.

వాస్తవం: 60 సెల్స్ ప్యానెల్‌లో సాధారణంగా మూడు బైపాస్ డయోడ్లు (నీడ పడిన సెల్స్‌ను తప్పించి కరెంటుకు పక్కదారి ఇచ్చేవి) ఉంటాయి. ఒక్క సెల్ పూర్తిగా నీడలో ఉన్నా దానితో కలిపి 20 సెల్స్ పక్కకు తప్పుకొని, సుమారు మూడో వంతు శక్తి పోతుంది. శక్తి వక్రరేఖ మీద రెండు శిఖరాలు ఏర్పడతాయి, ఇన్వర్టర్ చిన్న శిఖరం దగ్గరే ఆగిపోవచ్చు. అందుకే సెల్స్ శక్తులను విడివిడిగా లెక్కించి కూడకూడదు. వరుసగా కలిసిన సెల్స్‌లో ఒకే కరెంటు పారుతుంది కాబట్టి, ఒకే కరెంటు వద్ద వోల్టేజిలను కూడాలి.

అపోహ: ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయితే అంచనా తప్పదు.

వాస్తవం: ఉచితంగా దొరికే పీవీలిబ్‌లోనూ, డబ్బు పెట్టి కొనే పీవీసిస్ట్‌లోనూ అదే ఒంటి డయోడ్ సమీకరణం ఉంది. రెండింటి ఫలితాలు కలవనప్పుడు నేను ముందుగా పోల్చేది సెల్ ఉష్ణోగ్రత నమూనా, ధూళి నష్టం, తీగల నష్టం అన్న గడుల్లో నింపిన విలువలనే.