షుగర్ పేషెంట్లు, యూరిన్ ఇన్ఫెక్షన్, పనిచేయని మందులు: ఈ గొడవ ఎక్కడ దారి తప్పింది

2025 డిసెంబర్ 28న మన్ కీ బాత్‌లో ప్రధాని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) రిపోర్టు ప్రస్తావన తెచ్చి, న్యుమోనియాకీ యూరిన్ ఇన్ఫెక్షన్‌కీ యాంటీబయాటిక్స్ సరిగ్గా పనిచేయట్లేదు, డాక్టర్ చెప్పకుండా వాడొద్దు అన్నాక పాత గొడవ మళ్ళీ మొదలైంది. డాక్టర్లు మెడికల్ షాపుల్ని అంటున్నారు, షాపువాళ్ళేమో చీటీ రాసేది మీరేగా అంటున్నారు, చివరికి ఇద్దరూ కలిసి కోర్సు పూర్తిగా వాడరు అని పేషెంట్ మీదకి తోసేస్తున్నారు. బ్యాక్టీరియా మందులకి లొంగకుండా పోతున్న ఈ కథలో నా లెక్కలో అసలు మలుపు 2010 ఆగస్టు, ఆ మలుపుకి మూలం ఒక షుగర్ పేషెంట్ మూత్రం శాంపిల్. ఆ సంగతి మాత్రం దాదాపు ఎవరూ చెప్పరు.

స్వీడన్‌లో ఉండే భారత సంతతి పెద్దాయన, 59 ఏళ్ళు, టైప్ 2 షుగర్, అంతకుముందే పక్షవాతం కూడా వచ్చింది. 2007 చివర్లో ఇండియా వచ్చినప్పుడు ఒంట్లో బాగోక ఆసుపత్రిలో చేరారు, ఢిల్లీలో కూడా ట్రీట్‌మెంట్ జరిగింది. 2008 జనవరిలో స్వీడన్ తిరిగెళ్ళాక అక్కడి ఆసుపత్రిలో యూరిన్ కల్చర్, అంటే మూత్రంలోని బ్యాక్టీరియాని పెంచి ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష చేస్తే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా కనపడింది. ఐసీయూలో ఇంకేదీ పనిచేయనప్పుడు ఎక్కించే కార్బపెనెమ్ ఇంజెక్షన్లకి కూడా అది లొంగలేదు. ఆ మందుల్ని విరగ్గొట్టే ఎంజైమ్‌కి 2009లో పరిశోధకులు న్యూఢిల్లీ మెటాలో బీటా లాక్టమేజ్, అంటే ఎన్‌డీఎం-1 అని పేరు పెట్టారు. 2010 ఆగస్టులో చెన్నై, హర్యానా, ఇంకా పాకిస్తాన్, బ్రిటన్ శాంపిల్స్‌తో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ అనే వైద్య పత్రికలో పెద్ద పేపర్ వచ్చేసరికి దేశం భగ్గుమంది.

దేని మీద అనుకున్నారు? పేరు మీద. మన మెడికల్ టూరిజాన్ని దెబ్బతీయడానికి చేశారని, రాజధాని పేరు ఎలా పెడతారని. ఊరి పేరు పెట్టడం తప్పే, 2011 జనవరిలో లాన్సెట్ ఎడిటర్ రిచర్డ్ హార్టన్ క్షమాపణ కూడా చెప్పారు, అక్కడితో ఆ ముచ్చట అయిపోవాల్సింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీళ్ళు 171 శాంపిల్స్ తీస్తే 51లో, కుళాయి నీళ్ళు 50 తీస్తే 2లో ఆ ఎంజైమ్‌ని తయారుచేసే జీన్ దొరికిందని ఇంకో పేపర్ వచ్చింది, మన అధికారులు దాన్నీ కొట్టిపారేశారు. పరువు గురించి అంత మాట్లాడిన ఆ రోజుల్లో, షుగర్ ఉన్న మనిషికి యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తే ఏ మందు పనిచేస్తుందో తెలుసుకునే ఏర్పాటు మనకుందా అని గట్టిగా అడిగినవాళ్ళు తక్కువ. చెన్నైలో డాక్టర్లు 2012లో కూర్చుని, మందులకి లొంగని బ్యాక్టీరియాని ఎలా ఎదుర్కోవాలో చెప్తూ చెన్నై డిక్లరేషన్ రాసుకున్నారు, వాళ్ళ మాట మొదటే విని ఉంటే బాగుండేది.

తర్వాత వచ్చింది షెడ్యూల్ హెచ్1, కొన్ని మందుల అమ్మకం మీద గట్టి నిఘా పెట్టే రూలు. 2013 ఆగస్టులో నోటిఫై చేసి 2014 మార్చి 1 నుంచి అమలు. 46 మందులు, అమ్మితే రిజిస్టర్‌లో డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని అమ్మారో రాసి మూడేళ్ళు దాచాలి. మంచిదే, కానీ ఆ 46 చదివితే కడుపు మండుతుంది. సెఫిక్సిమ్ ఉంది, లెవోఫ్లాక్సాసిన్ ఉంది, మెరోపెనెమ్ ఉంది, మరి మూత్రంలో మంట అనగానే కౌంటర్ మీదకి వచ్చే నార్‌ఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లేవు. వాటికి పాత షెడ్యూల్ హెచ్ ఉంది, అంటే చట్టప్రకారం చీటీ కావాలి, కానీ రిజిస్టర్ లేదు. ఊళ్ళో డాక్టర్ లేడు, ఆర్‌ఎంపీ ఉంటాడు లేదా మేముంటాం, మేం ఇవ్వకపోతే ఆ మనిషి ఎక్కడికి పోతాడు అని షాపువాళ్ళు అంటారు, అందులో నిజం లేకపోలేదు.

తెలుగువాళ్ళం ఇక్కడ ఇంకో సంగతి మర్చిపోకూడదు. 2007లో స్వీడన్ పరిశోధకులే హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధి చేసే ట్రీట్‌మెంట్ ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీళ్ళు పరీక్షిస్తే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది, మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. 2020 జనవరిలో ఫ్యాక్టరీ నీళ్ళలో యాంటీబయాటిక్స్‌కి హద్దులు పెడుతూ కేంద్రం డ్రాఫ్ట్ తెచ్చింది, 2021లో ఫైనల్ నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు మాయం. పేషెంట్ కోర్సు ఆపేశాడు అనేవాళ్ళు దీని గురించి కూడా ఒక మాట అనాలి.

ఇక షుగర్ ఉన్నవాళ్ళకే ఎందుకింత బాధ అంటే, షుగర్ ఏళ్ళ తరబడి కంట్రోల్‌లో లేకపోతే నరాలు దెబ్బతిని బ్లాడర్ పూర్తిగా ఖాళీ అవదు, మిగిలిన మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుంది, నొప్పి తెలియదు, జ్వరమొచ్చేసరికి అది కిడ్నీ దాకా వెళ్ళిపోయి ఉంటుంది. కిడ్నీలో గ్యాస్ పట్టే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ ఎక్కువగా వచ్చేది కూడా వీళ్ళకే. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు పేటెంట్ అయిపోయి రేటు పడిపోయాక ఆ మాత్ర చాలామంది వాడుతున్నారు, గుండెకీ కిడ్నీకీ మంచి మందు, మానేయక్కర్లేదు, కాకపోతే అది షుగర్‌ని మూత్రంలోంచి పంపిస్తుంది కాబట్టి కొందరికి అక్కడ ఫంగస్ వచ్చి దురద, మంట పుడతాయి. దాన్ని యూరిన్ ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ వేసుకుంటే ఫంగస్ ఇంకా పెరుగుతుంది, తగ్గలేదని ఇంకో స్ట్రిప్పు కొంటారు.

ఏ బాధా లేకపోయినా రొటీన్ టెస్టులో బ్యాక్టీరియా కనపడిందని మందు రాసేవాళ్ళూ ఉన్నారు. 2002లోనే కెనడాలో షుగర్ ఉన్న 105 మంది ఆడవాళ్ళ మీద చేసిన ట్రయల్ ఇది అనవసరం అని తేల్చింది. మందు వాడినవాళ్ళలో 42 శాతానికి, వాడనివాళ్ళలో 40 శాతానికి తర్వాత ఇన్ఫెక్షన్ వచ్చింది, తేడా ఏం లేదు, వాడినవాళ్ళు మింగిన యాంటీబయాటిక్స్ మాత్రం రోజుల లెక్కన దాదాపు ఐదు రెట్లు. గర్భిణులకీ, యూరాలజీ ఆపరేషన్ ముందూ లెక్క వేరు.

కల్చర్ రిపోర్ట్ ఎప్పుడైనా చేతిలో పట్టుకుని చూడండి. మందుల పేర్లు వరసగా, ఎదురుగా ఆర్, ఆర్, ఆర్ అని, అంటే లొంగదు అని. ఆ వరసలో చాలాసార్లు నైట్రోఫ్యూరంటోయిన్ ఎదురుగా మాత్రం ఇంకా ఎస్, అంటే లొంగుతుంది అని ఉంటుంది, 1953 నాటి మందు, యూరిన్ ఇన్ఫెక్షన్‌కి ఎక్కువగా కారణమయ్యే ఈ.కోలై బ్యాక్టీరియా మీద ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. కానీ షుగర్ వల్ల కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి అది మూత్రంలోకి సరిపడా చేరదు, జ్వరంతో కిడ్నీ దాకా పాకిన ఇన్ఫెక్షన్‌కి అసలు పనికిరాదు, అప్పుడు ఇంజెక్షన్లకి అడ్మిట్ అవ్వాల్సిందే. ఆ రిపోర్ట్ రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, శాంపిల్ మొదటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి. 2025 నవంబర్‌లో మందులకి లొంగని బ్యాక్టీరియాని ఎదుర్కోడానికి కేంద్రం రెండో జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది, ఇప్పుడు మళ్ళీ అందరూ షాపుల మీద దాడులు, రిజిస్టర్ల గురించే మాట్లాడుతున్నారు. మండల కేంద్రంలో షుగర్ ఉన్న ఆడమనిషి శాంపిల్ డబ్బాతో నిలబడితే దాన్ని తీసుకుని కల్చర్ పెట్టే ల్యాబ్ ఎంత దూరంలో ఉందో ఆ చర్చల్లో ఎవరైనా చెప్తే వినాలని ఉంది.