ఏ పని ముందు? కూవం, అడయారు ఒడ్డున నేను తరచూ వినే అపోహలు

నవంబరు వచ్చిందంటే నెల్లూరు నుంచి మా మేనమామ ఫోన్ తప్పదు. "ఏందిరా, మళ్ళీ మునిగిందంట గదా మీ చెన్నపట్నం! మరి నువ్వు అక్కడ చేసే ఉద్యోగమేంది?" అంటాడు. ఎగతాళికే అన్నా, అడగాల్సిన ప్రశ్నే. ఇరవై రెండేళ్ళుగా చెన్నైలో వాన కాలువలు, మురుగు లైన్లు, నది గట్ల డీపీఆర్‌లు, అంటే వివరమైన ప్రాజెక్టు నివేదికలు తయారుచేసే పనిలో ఉన్నాను. చేయాల్సిన పనులు వంద ఉంటే డబ్బు పదింటికి వస్తుంది. ఆ పదీ ఏవో, అందులో మొదటిది ఏదో తేల్చడమే నా ఉద్యోగం. ఈ విషయంలో కాలనీ మీటింగుల్లోనూ, మా ఇంటి భోజనాల దగ్గరా పదే పదే వినే మాటలు కొన్ని ఉన్నాయి. అవి రాస్తాను.

అపోహ: మా వీధి డ్రెయిన్ పెద్దది చేస్తే చాలు, ఇక మునగదు.

సైదాపేట వైపు ఒక అపార్ట్‌మెంట్ మీటింగులో ఒక పెద్దాయన నన్ను పట్టుకున్నారు. రిటైరై కొడుకు దగ్గర ఉంటున్న మన గుంటూరాయన. "బాబూ, రెండడుగుల డ్రెయిన్ని నాలుగడుగులు చేయించండి. అంతకు మించి మేమేమీ అడగం" అన్నారు. మర్నాడు పొద్దున సర్వేకి వెళ్తూ ఆయన్ని కూడా తీసుకెళ్ళాను. వాళ్ళ వీధి డ్రెయిన్ నాలుగు మలుపులు తిరిగి అడయారు నదిలో కలుస్తుంది. కలిసే చోటును మేం అవుట్‌ఫాల్ అంటాం. లెవెల్ పెట్టి పైపు అడుగు మట్టం తీశాం. ఆ పక్కనే గోడ మీద 2015 వరద చార ఇంకా ఉంది. పైపు నోరు ఆ చారకు నిలువెత్తు కిందుంది.

ఆయన గోడ వంకా పైపు వంకా మార్చి మార్చి చూశారు. "అంటే నది పొంగితే ఈ పైపులోంచి మా ఇంటికే వస్తుందా?"

"అవునండీ."

"నాలుగడుగులు చేస్తే?"

"ఇంకా తొందరగా వస్తుంది."

అక్కడ ముందు కావాల్సింది నది నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే తలుపు. ఆ తలుపు మూసుకున్నప్పుడు వీధిలో పడ్డ వానను ఎత్తిపోసే పంపు కూడా కావాలి. డ్రెయిన్ వెడల్పు ఆ తర్వాతి మాట. ఆ మాట మీటింగులో చెబితే చప్పట్లు కొట్టేవాళ్ళు ఉండరు. వీధిలో తవ్వకం కనిపిస్తేనే పని జరుగుతున్నట్టు అనిపిస్తుంది జనానికి. వాళ్ళను తప్పుపట్టను.

ఇంకా కిందికి పోతే సముద్రం. చెన్నైలో చాలా భాగం సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది. వాలు లేదు. పోటు మీదున్నప్పుడు నది నీళ్ళు లోపలికి తోసుకొస్తాయి, పాటు వచ్చేదాకా ఆగాలి. దానికి తోడు ముఖద్వారంలో ఇసుక మేట. ముఖద్వారాన్ని మా తీరంలో మొగ అంటారు. తూర్పు తీరం వెంబడి ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో హార్బర్ గోడలు కట్టాక ఆ ఇసుక అక్కడ ఆగిపోయింది. మెరీనా బీచ్ అంత వెడల్పుగా ఉండటానికి కారణం అదే. గోడకు అవతల రాయపురం, కాశిమేడు వైపు తీరం కోసుకుపోవడానికి కారణమూ అదే. నేపియర్ వంతెన దగ్గర కూవం నది మొగ సరిగ్గా హార్బర్‌కి దక్షిణాన ఉంది, అంటే ఇసుక ఆగే చోటే. ఎండాకాలంలో నదిలో తోసే బలం ఉండదు కాబట్టి మొగ పూడిపోతుంది. ఒకసారి తవ్వి వదిలేస్తే సరిపోదు, ఏటా తవ్వాలి. ఏటా చేసే పనికి శిలాఫలకం ఉండదు కాబట్టి దానికి డబ్బు అడగడమంత కష్టం ఇంకోటి లేదు.

అందుకే పనుల వరుస నీళ్ళు నడిచే దారికి ఎదురుగా వేసుకోవాలంటాను. మొగతో మొదలుపెట్టి, నది, అవుట్‌ఫాల్, పెద్ద కాలువ అయ్యాక చివర్లో వీధికి రావాలి. టెండర్లు మాత్రం వీధి దగ్గరే మొదలవుతాయి.

అపోహ: 2015 వరదంతా చెంబరంబాక్కం గేట్ల పుణ్యమే.

చెంబరంబాక్కం చెన్నైకి పడమర ఉన్న పెద్ద తాగునీటి చెరువు. దాని గేట్ల సంగతి తక్కువ చేసి మాట్లాడను. డిసెంబరు 1 రాత్రి 29,000 క్యూసెక్కుల దాకా వదిలారు. ఆ నిర్వహణను కాగ్ నివేదిక గట్టిగానే తప్పుబట్టింది. కానీ మ్యాపు తీసి చూడండి. చెంబరంబాక్కం మిగులు నీళ్ళు అడయారులో కలిసేది తిరునీర్మలై దగ్గర. ముడిచ్చూరు, వరదరాజపురం అంతకన్నా ఎగువన ఉన్నాయి. అవీ మునిగాయి. ఎట్లా? తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు కురిసింది. ఆదనూరు, మణిమంగళం వైపు చెరువుల అలుగులన్నీ ఒకేసారి పారాయి. ఆ చెరువులను కలిపే వాగుల మీద అప్పటికే లేఅవుట్లు వెలిశాయి.

తప్పంతా గేటుదే అనుకుంటే గేటు ఆపరేటింగ్ రూల్ మార్చి ఊరుకుంటాం. ఎగువ చెరువుల పూడికా, అలుగు కాలువల వెడల్పూ జాబితాలో అడుగుకి జారిపోతాయి. మావాళ్ళలో తాంబరం అవతల ప్లాటు కొన్నవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ ముక్క కాస్త గట్టిగా చెబుతున్నాను.

అపోహ: సబర్మతిలా కట్టేస్తే సరి.

అహ్మదాబాద్ వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళూ ఇదే మాట. అక్కడ రివర్‌ఫ్రంట్ ముందు కళకళలాడేది చాలావరకు కాలువలో వచ్చే నర్మద నీళ్ళు. కింద వాస్నా బరాజ్ వాటిని పట్టి నిలబెడుతుంది. కూవంలో నింపడానికి మన దగ్గర ఏ నర్మద ఉంది? సుమారు 72 కిలోమీటర్ల నది ఇది. ఎగువన కేశవరం దగ్గరా, కొరట్టూరు ఆనకట్ట దగ్గరా వచ్చిన నీళ్ళను తాగునీటి చెరువులకు మళ్ళిస్తారు. ఊళ్ళోకి వచ్చేసరికి వానాకాలం తప్ప నదిలో సొంత నీళ్ళు ఉండవు, మనం వదిలిందే ఉంటుంది. దాని ఒడ్డున వాకింగ్ ట్రాక్ వేస్తే ముక్కు మూసుకుని నడవాలి.

పార్కులంటే నాకు పగేమీ లేదు. అడయారు మొగ దగ్గరి తొల్కాప్పియ పూంగా, 58 ఎకరాలు, 2011లో తెరిచారు. అక్కడ ముందు చెత్త తీశారు, నీటి మడుగులు తవ్వారు, చిత్తడి మొక్కలు నాటారు. బెంచీలు ఆ తర్వాతే.

అపోహ: వాన కాలువలో ఉండేది వాన నీరు.

ఏప్రిల్ నెల, పొద్దున ఆరు, చెట్‌పెట్ దగ్గర కూవం గట్టు. వాన పడి మూడు నెలలైంది. వాన కాలువ పైపులోంచి మాత్రం బొటనవేలి లావు ధార ఆగకుండా పడుతోంది. ఏడయ్యేసరికి చెయ్యంత లావైంది. ఎనిమిదికి అందులో సబ్బు నురగ కనిపించింది. ఊరంతా స్నానాలకు లేచిందన్న మాట. తొమ్మిదిన్నరకు మళ్ళీ సన్నబడింది. పొడి రోజుల్లో వాన కాలువ పారుతోందంటే ఎవరో మురుగు లైన్ దానికి కలిపారని అర్థం. మురుగు పంపింగ్ స్టేషన్ పొర్లినా అంతే.

కాబట్టి కూవం వెంట నా జాబితాలో పై వరుసలో ఉండేవి ఇలాంటి అవుట్‌ఫాళ్ళను పట్టి మురుగు లైన్లోకి మళ్ళించే పనులు. చిన్న పనులే. ఒక్కొక్కటీ ఒక మ్యాన్‌హోల్, కొంత పైపు. ఇవి పూర్తికాకుండా నదిలో పూడిక తీస్తే మళ్ళీ ఏడాదికే నల్లటి బురద.

ఈ మురుగు సంగతిలోనే నన్ను ఎప్పుడూ పొడిచే విషయం ఇంకోటుంది. కోయంబేడు, కొడుంగయ్యూరు దగ్గర మురుగును బాగా శుద్ధి చేసి పరిశ్రమలకు అమ్మే ప్లాంట్లు 2019లో మొదలయ్యాయి. ఒక్కొక్కటీ రోజుకు 4.5 కోట్ల లీటర్లు. అదే ఏడాది చెరువులెండిపోయి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చుకున్నాం. మన కండలేరు నుంచి పూండి జలాశయానికి వచ్చే కృష్ణా నీళ్ళ కోసం ఇక్కడ ఎంత ఎదురుచూపో తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. పరిశ్రమలు ఈ శుద్ధి చేసిన నీళ్ళు కొంటే ఆ మేరకు మంచినీళ్ళు ఇళ్ళకు మిగులుతాయి. కానీ ఎస్టిమేట్‌లో మురుగు ప్లాంటు 'పారిశుద్ధ్యం' పద్దు కింద ఉంటుంది. అది మిగిల్చే తాగునీటికి ఆ పద్దులో మార్కులు వేసే గడి ఉండదు.

అపోహ: ఒడ్డున గుడిసెలు తీసేస్తే నది బాగుపడుతుంది.

మా తాత తడ దగ్గర నుంచి బకింగ్‌హామ్ కాలువలో పడవ మీద చెన్నపట్నం వచ్చేవాడు. కట్టెలు, ధాన్యం, ఉప్పు, సున్నపు గుల్ల అన్నీ ఆ దారినే వచ్చేవి. 1876-78 నాటి ధాతు కరువులో పని లేని జనానికి కూలి ఇవ్వడానికి తవ్వించిన ముక్కే కూవాన్నీ అడయారునూ కలిపింది. ఆ కాలువ మీద ఇప్పుడు ఎంఆర్‌టీఎస్, అంటే ఊళ్ళో స్తంభాల మీద నడిచే లోకల్ రైలు పోతుంది. స్తంభాలు కాలువలోనే దిగాయి, కొన్ని చోట్ల స్టేషన్లు కూడా. భూసేకరణ ఖర్చు లేదని అప్పట్లో అది తెలివైన ఎంపిక. విమానాశ్రయం రెండో రన్‌వే అడయారు మీద వంతెన వేసుకుని దాటుతుంది. హార్బర్ నుంచి మదురవాయల్ దాకా ఎత్తు రోడ్డుకు 2009లో శంకుస్థాపన జరిగింది. స్తంభాలు కూవంలో దిగుతున్నాయని 2012లో ఆపేశారు, 2022లో డిజైన్ మార్చి డబుల్ డెక్కర్‌గా మళ్ళీ శంకుస్థాపన చేశారు. మధ్యలో పదేళ్ళు ఆ స్తంభాలు ఒంటరిగా నదిలో నిలబడ్డాయి. ఇవన్నీ ప్రజలకు పనికొచ్చేవే, ఒకదాన్నీ కాదనను. కానీ నది దారిని నొక్కింది ఎవరని అడిగితే వేలు ముందు గుడిసె వైపు తిరగడం న్యాయం కాదు.

గుడిసెలవాళ్ళను పంపేది ఊరి దక్షిణ శివారులోని పెరుంబాక్కం, కణ్ణగి నగర్ వైపు. సర్వేలో కలిసిన ఒకావిడ కార్పొరేషన్ పారిశుద్ధ్య కార్మికురాలు, ఈ ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళలో చాలామంది లాగే ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. "ఇల్లు పక్కాదే సార్, బాగానే ఉంది. డ్యూటీ ఆరింటికి. మూడున్నరకు లేస్తే గానీ బస్సు అందదు. మా పాప బడి మానేసింది" అంది. ఇంకా చిత్రమేమిటంటే, ఆ వైపంతా పళ్ళికరణై చిత్తడి నేల అంచు. వాన గట్టిగా పడితే అక్కడా నీళ్ళే. వరద నుంచి తీసి వరదలో పెట్టాం. పునరావాసం మంచి పనో కాదో తరవాత చూద్దాం, దాన్ని వరుసలో మొదట పెట్టడం తప్పని మాత్రం గట్టిగా చెప్పగలను. గట్టు డిజైన్ ఖరారు కాకముందే ఖాళీ చేయించిన చోట్లు చూశాను. మూడేళ్ళు పిచ్చి చెట్లు మొలిచి, తర్వాత ఎవరో లారీలు నిలుపుకున్నారు.

అపోహ: లెక్క వేస్తే ప్రయారిటీ అదే తేలుతుంది.

ఇది చదువుకున్నవాళ్ళ అపోహ. నాకూ ఉండేది. ఒక్కో పనికి ఎంత ఖర్చు, ఎంత నష్టం తప్పుతుంది, రెంటి నిష్పత్తి ఎంత అని చూడటం. వరద నష్టాన్ని ఆస్తి విలువతో కొలుస్తాం. బేస్‌మెంట్‌లో మునిగిన రెండు కార్లు లక్షల్లో తేలతాయి. గుడిసెలో తడిసిన బియ్యం, పోయిన కుట్టు మిషను, పదిరోజుల కూలి కలిపినా వేలు దాటవు. అంటే కార్లున్న వీధి ముందు. లెక్కలో తప్పు లేదు, కొలబద్ద అలాంటిది.

దీన్ని సరిచేయడానికి మార్కుల పట్టిక పెట్టాం. మునిగే జనం ఎందరు, ఆసుపత్రికి దారి తెగుతుందా, భూమి చేతిలో ఉందా, దిగువ పని పూర్తయిందా అని గడులు, ఒక్కో గడికి ఒక బరువు. ఒకసారి నేను పనిచేసిన కన్సల్టెన్సీలో నివేదిక వెళ్ళే ముందు రోజు రాత్రి మా పైఆయన వచ్చి, "'భూమి సిద్ధం' గడి బరువు కొంచెం పెంచి చూడు" అన్నారు. పెంచాను. ఐదోదిగా ఉన్న పని మొదటికొచ్చింది. అబద్ధమేమీ రాయలేదు, ఒక అంకె మార్చానంతే. ఆ టెన్షన్‌లో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి నా నివేదికల్లో బరువులు మార్చితే వరుస ఎలా మారుతుందో చూపే పేజీ ఒకటి తప్పకుండా పెడతాను. చాలాసార్లు ఆ పేజీ ఎవరూ తిప్పరు.

నన్నడిగితే ఆ గడులన్నిట్లో 'దిగువ పని పూర్తయిందా' అనేదానికి మార్కులు వేయకూడదు. అది అవునో కాదో తేలాలి. కాదు అయితే ఎన్ని మార్కులొచ్చినా ఆ పని ఆగాలి. నాలుగు కమిటీల్లో ఈ మాట చెప్పాను. ఒకదాంట్లో ఒప్పుకున్నారు.

మొన్న ఆ గుంటూరాయన ఫోన్ చేశారు. నది తలుపు బిగించారట, పంపు టెండర్ ఇంకా రాలేదట. "ఇప్పుడు వాన పడితే ఏమవుతుంది బాబూ?" అన్నారు. తలుపు మూసుకుంటే నది రాదు గానీ వీధిలో పడ్డది వీధిలోనే ఉంటుందని చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. "అయితే కారు పైనున్న వీధిలో పెట్టమంటాను మావాడిని" అన్నారు.