పదివేలంటే రెండువేలే: మడగాస్కర్ లెక్కల వెనుక కథ

మడగాస్కర్ రాజధాని ఆంటననారివోలో ఒక సంత. కుప్ప పోసిన కూరగాయలు చూపించి అమ్మే పెద్దావిడ "ఇరాయ్ అలిన" అన్నదనుకుందాం. మలగాసీ భాషలో ఆ మాటకు అర్థం పదివేలు. కొనేవాళ్లు తీసి ఇచ్చేది మాత్రం 2,000 ఆరియారీ నోటు. ఆమె ఇంకా ఇమ్మని అడగదు, వాళ్లకు బేరం కుదిరిన సంబరమూ ఉండదు. ఆమె చెప్పింది పాత ఫ్రాంకుల్లో, వాళ్లు ఇచ్చింది కొత్త ఆరియారీల్లో. ఐదు ఫ్రాంకులు ఒక ఆరియారీ. 2005 జనవరి 1 నుంచి ఆరియారీయే ఆ దేశపు అధికారిక ద్రవ్యం అయినా, ఫ్రాంకు నాలుక మీద నుంచి అంత తొందరగా దిగలేదు.

బయటివాళ్లు దీన్ని చదువులేని జనం తికమకగా చూస్తారు. అది అన్యాయం. మన దగ్గర 1957లో నయాపైసలు వచ్చి అణాలు పోయాయి. అయినా ఇరవై ఐదు పైసలను ఆ బిళ్ల చెలామణిలో ఉన్నంతకాలం పావలా అనే అన్నాం, ఇవాళ్టికీ "పదహారణాల తెలుగమ్మాయి" అంటున్నాం. లెక్క మాటల్లో పాతుకుపోయాక చట్టం మార్చినంత సులువుగా మారదు. మడగాస్కర్‌లో ఆ పాతుకుపోవడానికి చాలా పొడుగు చరిత్ర ఉంది.

ఆరియారీ అన్న పేరు కాగితం నోటుతో పుట్టలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ ద్వీపంలోని మెరీనా రాజ్యంలో అది పెద్ద వెండి నాణెం పేరు. స్పెయిన్ డాలర్లు, ఆస్ట్రియా థేలర్లు, ఆ తర్వాత ఫ్రాన్స్ ఐదు ఫ్రాంకుల బిళ్లలు, ఇలా వ్యాపారులు తెచ్చిన నాణేలే అక్కడి డబ్బు. చిల్లర కావాలంటే నాణేన్ని ముక్కలు చేసేవాళ్లు. చిన్న త్రాసులో ముక్కల్ని వేసి తూచి ఇచ్చేవాళ్లు. సగం నాణెం లూసు, పావు వంతు కిరూబు, ఎనిమిదో వంతు సికాజి, ఇరవై నాలుగో వంతు వువామెన. అన్నిటికన్నా చిన్నది "వరి ఇరాయ్ వెంతి", అంటే ఒక్క వరి గింజ బరువు, నాణెంలో 720వ వంతు. "వరి" అనగానే తెలుగువాడి చెవి నిక్కపొడుచుకుంటుంది. కానీ బోర్నియోలోని న్గాజు భాషలో అన్నాన్ని "బారి" అంటారు. చుట్టరికం అటువైపు వెతకడమే సబబు.

1896లో ఫ్రాన్స్ ఆ ద్వీపాన్ని కలిపేసుకుంది. జనానికి అలవాటైన వెండి నాణెం ఐదు ఫ్రాంకుల బిళ్ల కాబట్టి ఆరియారీ అంటే ఐదు ఫ్రాంకులని స్థిరపడింది. ఒక్క ఫ్రాంకుకు ఇరైంబిలంజ అన్న పేరు వచ్చింది. స్వాతంత్ర్యం 1960లో వచ్చింది. మరుసటి ఏడాది నుంచి వచ్చిన నోట్లను దగ్గరగా చూడాలి. ఒకే కాగితం మీద ఫ్రెంచిలో "ఐదువందల ఫ్రాంకులు" అని, మలగాసీలో "ఆరియారీ జాతు" అని ఉండేది. జాతు అంటే వంద. ఫ్రెంచి చదివేవాడికి అది ఐదువందలు, మలగాసీ చదివేవాడికి వంద. నలభై ఏళ్లకు పైగా జనం జేబుల్లో తిరిగింది ఈ రెండు లెక్కల కాగితమే. 1973లో దేశం ఫ్రాన్స్ ద్రవ్యంతో ముడిపడిన దేశాల కూటమి అయిన ఫ్రాంక్ మండలం నుంచి బయటికి వచ్చినా ఫ్రాంకు పేరు నిలిచింది. 2003లో ఆరియారీని పెద్ద అంకెల్లో వేసి కొత్త నోట్లు తెచ్చారు. అప్పుడు కూడా పాత విలువను పక్కన చిన్నగా ముద్రించక తప్పలేదు.

ఇదంతా డబ్బు కథ. సంఖ్యల పేర్లు ఈ వెండి కన్నా చాలా పాతవి. ఇసా, రూవ, తేలు, ఏఫత్ర, దిమి, ఏనిన, ఫితు, వాలు, సివి, ఫూలు. ఆఫ్రికా పక్కనే ఉన్న ద్వీపంలో పది వరకూ ఇలా లెక్కపెడుతుంటే, ఎదురుగా హిందూ మహాసముద్రానికి ఆవలి ఒడ్డున జావా మనిషి మూడు, ఐదు, ఏడు, ఎనిమిదిని తెలు, లిమ, పితు, వొలు అంటాడు. మలగాసీలో "ప" చాలాచోట్ల "ఫ" అయింది, "ఇ" ముందున్న "ల" కాస్తా "ద" అయింది. అందుకే లిమ దిమి అయింది. 1603లోనే డచ్చి నావికుడు ఫ్రెడరిక్ డి హౌట్‌మన్ మలయ్, మలగాసీ మాటల్ని ఒకే పుస్తకంలో వేశాడు. 1951లో నార్వే పండితుడు ఒట్టో దాల్ ఇంకాస్త దగ్గరికి వెళ్లి, మలగాసీకి అత్యంత సమీప బంధువు దక్షిణ బోర్నియోలోని మాన్యాన్ భాష అని చూపించాడు. మధ్యలో ఏడువేల కిలోమీటర్లకు పైగా నీళ్లు.

సుమత్రాలో పాలెంబాంగ్ దగ్గర 1920లో దొరికిన కెడుకన్ బుకిత్ శాసనం క్రీ.శ. 682 నాటిది. పల్లవ లిపిలో పాత మలయ్ భాష. అక్కడి శ్రీవిజయ రాజ్యపు సేన లెక్క అందులో ఉంది. "దువ లక్ష" మంది సైన్యం, నడిచి వెళ్లినవాళ్లు "సరివు త్లు రాతుస్ సపులు దువ", అంటే 1,312 మంది. అరివు, తేలు, జాతు, ఫూలు, రూవ అని మలగాసీలో ఈనాడు వినబడేవి ఈ మాటలే. ఇక ఆ "లక్ష" మన లక్ష కాదు. సంస్కృతం నుంచి ఓడెక్కి వెళ్లాక దాని విలువ పదివేలకు పడిపోయింది, కాబట్టి ఆ సైన్యం ఇరవై వేలు. అలాగే కోటి అన్న మాట అక్కడ "కెతి" అయి లక్షకు దిగింది. ఆ కెతే మరో సముద్రం దాటి మలగాసీలో "హెత్సి" అయింది. ఇవాళ ఆంటననారివోలో ఎవరైనా లక్షను "ఇరాయ్ హెత్సి" అన్నప్పుడు వాళ్ల నోట పలికేది మన కోటే. ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలాసేపు వేరే పని తోచలేదు.

ఒక్క విషయంలో మాత్రం మలగాసీ ఆ శాసనం దారిలో లేదు. శాసనం వెయ్యితో మొదలుపెట్టి కిందికి వస్తుంది. మలగాసీ ఒకట్లతో మొదలుపెట్టి పైకి ఎక్కుతుంది. ఫ్రెంచి పాలన మీద తిరుగుబాటు జరిగిన 1947ను అక్కడ "ఫితు అంబి ఏఫపూలు సి సివిన్‌జాతు సి అరివు" అంటారు: ఏడు పైన నలభై, తొమ్మిది వందలు, వెయ్యి. మనకిది పూర్తిగా కొత్తేం కాదు. సంస్కృతంలో నలభై ఏడు సప్తచత్వారింశత్, "అంకానాం వామతో గతిః" (అంకెలు ఎడమవైపుకు నడుస్తాయి) అన్న సూత్రమూ తెలిసిందే. కానీ ఏడేళ్ల పిల్ల పలక మీద ఈ సంఖ్య రాయాలంటే ముందు విన్న ఏడును చివరిదాకా మనసులో పట్టుకుని, చివర విన్న వెయ్యిని ముందు రాయాలి. బడి భాష కూడా స్థిరంగా లేదు. 1972 విద్యార్థి ఉద్యమం తర్వాతి ఏళ్లలో బడులను మలగాసీలోకి మార్చారు, 1990ల్లో మళ్లీ ఫ్రెంచి వైపు తిప్పారు. ఆ ఫ్రెంచిలో తొంభై ఏడంటే "నాలుగు ఇరవైల పదిహేడు". ఇంట్లో ఒక వరస, బడిలో ఒక వరస, సంతలో ఐదుతో హెచ్చవేత. ఇన్నిటినీ మోసే పిల్లలకు లెక్కలు రావని ఎవరైనా అంటే నాకు మింగుడుపడదు.

మలగాసీలో పది లక్షలకు "తపిత్రిస" అని పేరు. తపిత్ర అంటే అయిపోయింది, ఇసా అంటే ఒకటే కాదు, లెక్క కూడా. లెక్కే అయిపోయిందన్నమాట. రెండు లక్షల ఆరియారీని పాత ఫ్రాంకుల్లో చెబితే తపిత్రిసే అవుతుంది.