గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు

పెళ్లిళ్ల సీజన్ అయిపోయాక నెల్లూరు, ఒంగోలు శివార్లలో రోడ్డు పక్కన బక్కచిక్కిన గుర్రం కనబడితే ముందు దాని యజమానిని తిట్టుకుంటాం. తిట్టడంలో తప్పేమీ లేదు. కానీ అతను దానికి మొదటి యజమాని అయ్యే అవకాశం చాలా తక్కువ. గుర్రం పాతిక, ముప్పై ఏళ్లు బతుకుతుంది. దాని మీద నాలుగు డబ్బులు సంపాదించుకునే కాలం చాలాసార్లు అందులో సగం కూడా ఉండదు. మిగిలిన ఏళ్ల దాణా ఎవరు పెట్టాలన్న దగ్గరే పగ్గం చేతులు మారుతుంది.

మన తీరంలో ఇది పాత లెక్కే. ఇక్కడ మేలుజాతి గుర్రం ఎప్పుడూ ఓడ దిగి వచ్చిన సరుకే. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దంలో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లి మొన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో ఉండేది. 2022 విభజనలో బాపట్ల వైపు వెళ్లింది. రెడ్డిరాజుల కాలంలో వర్తకుడు అవచి తిప్పయ్య శెట్టి దేశదేశాల నుంచి తెప్పించిన సరుకుల జాబితాలో కర్పూరం, ముత్యాలు, చీనాంబరాలతో పాటు హోర్ముజ్ గుర్రాలూ ఉన్నాయని శ్రీనాథుడి హరవిలాసం చెబుతుంది.

మోటుపల్లి గురించి రాసిన మార్కోపోలోయే, ఇంకా దక్షిణాన పాండ్య రాజుల గుర్రాల సంగతి కూడా రాశాడు. ఒక్కో రాజు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొంటాడట. ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవట. కారణాలు కూడా అతనే చెప్పాడు. గుర్రానికి ఏం పెట్టాలో తెలియక అన్నం, మాంసం వండి పెట్టేవారు. లాడాలు కొట్టి వైద్యం చేసేవాళ్లు లేరు. పైగా గుర్రాల వర్తకులు అలాంటి పనివాళ్లను తమతో తేకపోవడమే కాదు, వేరేవాళ్లను రానిచ్చేవారు కూడా కాదట. గుర్రం బతికితే మళ్లీ కొనేదెవరు? ఏడు వందల ఏళ్ల నాటి ఈ మాటలో అతిశయోక్తి ఎంతో కొంత ఉండవచ్చు గానీ, వ్యాపారుల లాజిక్ మాత్రం నమ్మదగ్గదే.

విజయనగరం రోజులకు వచ్చేసరికి ఇది మరీ విచిత్రంగా తయారైంది. సాళువ నరసింహరాయలు వెయ్యి పర్దావులకు (అప్పటి బంగారు నాణేలు) మూడు గుర్రాల లెక్కన కొనేవాడని, దారిలో సముద్రం మీద చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే బతికున్నదానితో సమానంగా డబ్బులిచ్చేవాడని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాశాడు. నూనిజ్ స్వయంగా గుర్రాల వర్తకుడు, కాబట్టి ఈ సంగతి ఇష్టంగానే రాసి ఉంటాడు. 1513లో కృష్ణదేవరాయలు ఉదయగిరి కోట మీదికి వచ్చేనాటికి గోవా పోర్చుగీసుల చేతిలో ఉంది. పడమటి తీరంలో గుర్రాల వ్యాపారం వాళ్ల గుప్పిట్లోకి పోయింది.

ఇంత దిగుమతి అవసరం ఎందుకొచ్చిందంటే, వేడి ఒకటి, మేత ఒకటి. నెల్లూరు వరి దేశం. వరిగడ్డి మీద ఎద్దు నెట్టుకొస్తుంది, గుర్రం నెట్టుకురాలేదు. దానికి ఎద్దులా నెమరు లేదు, నాలుగు గదుల పొట్ట లేదు. తిన్నది సరిపడకపోతే కక్కుకోవడం కూడా దానికి చేతకాదు. అందుకే మామూలు కడుపునొప్పి కూడా గుర్రాన్ని రాత్రికి రాత్రే చంపేయగలదు. ఉదయగిరి మెట్టల్లో ఉలవలు పండుతాయి, అది కొంత అదృష్టం. కానీ ఉలవలతోనే కడుపు నిండదు. మూడున్నర క్వింటాళ్ల గుర్రానికి రోజుకు ఆరేడు కిలోల ఎండుమేత కావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. పని ఉన్నా లేకపోయినా ఈ ఖర్చు తప్పదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఆ దాణాను అన్నాళ్లు లాగింది జట్కా. ట్రంకు రోడ్డు మీద, రైల్వే స్టేషన్ ముందు జట్కాలు బారులు తీరి ఉండేవి. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి గుర్రం గాలిలో తేలినంత పనవుతుంది కాబట్టి, ఎక్కిన ప్రతివాళ్లకూ "కాస్త ముందుకు జరగండి సామీ" అని చెప్పేవాడు జట్కావాలా. చాలా వరకు ఇవి నాటు పొట్టిగుర్రాలు, చవక. జట్కావాలా కుటుంబానికి గుర్రమే జీవనాధారం కాబట్టి దాన్ని తొందరగా వదిలించుకునేవాడు కాదు. అక్కడ గుర్రం సుఖంగా ఉందని నేను చెప్పడం లేదు. ఒకే ఇంట్లో ఉంది, అంతే. ఆటోలు వచ్చాక ఆ ఇల్లు పోయింది.

దేశమంతా అదే వరస. 2012 పశుగణనలో గుర్రాలు, పొట్టిగుర్రాలు కలిపి 6 లక్షల 25 వేల దాకా ఉంటే, 2019 నాటికి 3 లక్షల 40 వేలకు పడిపోయాయి. ఏడేళ్లలో 45 శాతం పైగా తగ్గుదల. మిగిలినవాటికి మన వైపు దొరికే పని ముఖ్యంగా పెళ్లి. సారట్టు బండి, పెళ్లికొడుకు సవారీ, ఫొటో షూట్. ముహూర్తాలున్న నాలుగు నెలలు డబ్బులు, ఆషాఢం, మూఢం వస్తే సున్నా. కరోనా రెండేళ్లలో ముహూర్తాలున్నా ఊరేగింపులు లేక ఈ బేరం ఎంత పలచనిదో తెలిసిపోయింది.

ఇంకో దారి రేసుల నుంచి వస్తుంది. చెన్నై గిండీ, బెంగళూరు, హైదరాబాద్ మలక్‌పేట కోర్సుల్లో పరిగెత్తే మేలుజాతి గుర్రం రెండేళ్ల వయసుకే పరుగు మొదలుపెడుతుంది. చాలావాటికి ఏడెనిమిదేళ్లకు ఆట ముగుస్తుంది. కాలి నరం పట్టేసిందంటే అంతకన్నా ముందే. పరుగు ఉన్నన్నాళ్లూ మెడలో మైక్రోచిప్, తల్లీతండ్రుల పేర్లతో రికార్డు, అన్నీ ఉంటాయి. రిటైరయ్యాక సవారీ స్కూలుకో, ఫాంహౌస్‌కో, అక్కడి నుంచి ఊరేగింపుల వాళ్లకో వెళుతుంది. ప్రతి మెట్టులోనూ ధర తగ్గుతుంది, కాగితాలు రాలిపోతాయి. కొనేవాడి స్తోమత కూడా తగ్గుతుంది, గుర్రం ఖర్చు మాత్రం వయసుతో పెరుగుతుంది. నా దృష్టిలో అసలు జబ్బు ఇదే. చివరి యజమాని క్రూరత్వం తర్వాతి సంగతి.

అమ్మకానికి ఇతర సాకులూ ఉంటాయి. ఒంటి మీది వెంట్రుకల సుడి మంచిది కాదంటారు. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తే గుర్రం సుడి మీదికి నెట్టి, సగం ధరకు తోలేసేవాళ్లున్నారు. పాముకాటు మందు తయారీకి వెళ్లేవీ ఉన్నాయి. కొద్దికొద్దిగా విషం ఎక్కించి, గుర్రం రక్తంలోని ప్లాస్మా నుంచి మందు తీస్తారు. పొలంలో పాము కరిచిన రైతు బతికి ఇంటికొస్తే, అందులో ఏదో ఒక గుర్రం రక్తం ఉంటుంది. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

చట్టం ఉంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం నేరం. మొదటిసారి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు! ఒక పూట దాణాకు కూడా చాలదు. బండి లాగే జంతువుల కోసం 1965లో వచ్చిన నిబంధనలు ఇంకా నయం. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు బండి కట్టకూడదు. అగ్నికార్తెలో నెల్లూరు 40 దాటడం మామూలే.

ఆవుకూ ఎద్దుకూ ఇక్కడ గోశాలలున్నాయి, భక్తుల విరాళాలున్నాయి. ఒంగోలు జాతి కోసం చదలవాడలో ప్రభుత్వ క్షేత్రమే ఉంది. గుర్రానికి ఆ భక్తీ లేదు, ఆ బడ్జెట్టూ లేదు. పట్టుబడిన గుర్రాన్ని ఎక్కడ పెట్టాలో పోలీసులకు అదో టెన్షన్. దూరం పంపితే ఏమవుతుందో 2025లో చూశాం. హైదరాబాద్ నుంచి మండు వేసవిలో జబల్‌పూర్ తరలించిన 57 గుర్రాల్లో ఎనిమిది కొద్ది రోజుల్లోనే చనిపోయాయి. విషయం హైకోర్టుకెక్కింది.

కాబట్టి "మంచి మనిషి దొరికితే ఉచితంగా ఇచ్చేస్తాను" అనే యజమానిని చూస్తే నాకు భయమే. ఉచితంగా వచ్చిన గుర్రాన్ని మూడో వాడికి అమ్ముకోవడం సులువు. ఇచ్చేవాడు తీసుకునేవాడితో కాగితం రాయించుకోవాలి: నెల రోజులు ట్రయల్, వద్దనుకుంటే అమ్మకుండా తిరిగి తనకే అప్పగించడం, అప్పుడప్పుడు వచ్చి చూసుకునే హక్కు. తీసుకునేవాడు పళ్లు చూసి వయసు, నడిపించి కాళ్లు చూసుకోవడంతో ఆగకూడదు. గిట్టలు చెక్కేవాడు ఎంత దూరంలో ఉన్నాడు, గుర్రం వైద్యం తెలిసిన డాక్టరు తిరుపతి నుంచి రావాలా చెన్నై నుంచి రావాలా, ఎండుమేత ఎక్కడ దొరుకుతుంది, ఇవన్నీ ముందే లెక్క వేసుకోవాలి. రేసుల్లో గెలిచినన్నాళ్లూ ప్రైజ్ మనీ తీసుకున్నవాళ్లు అందులో కొంత గుర్రం పేరున పక్కన పెట్టే ఏర్పాటు ఉంటే, ఊరేగింపుల వాడి మీద పడే భారం అంత మేరకు తగ్గుతుంది.