కడుపునొప్పికి ముక్కులో గొట్టమెందుకు?

బుజ్జమ్మా,

"చిన్నమావయ్యకి నొప్పి కడుపులో కదా తాతా, ఆక్సిజన్ గొట్టం ముక్కుకి పెట్టారేం?" అని ఆసుపత్రి మెట్ల మీద అడిగావు. మీ నాన్న ఊరుకోమన్నాడు. ఊరుకునే ప్రశ్నా అది!

జీర్ణాశయం వెనక అడ్డంగా పడుకుని క్లోమం (పాంక్రియాస్) ఉంటుంది. మావయ్య నొప్పి దానిదే. 15 సెంటీమీటర్లు, అంటే నీ చేత్తో జానెడు. మాంసాన్నీ నెయ్యినీ కూడా అరిగించే రసం చేస్తుందది. మరి తననే అరిగించుకోదేం? ఆ రసాన్ని నిద్రపుచ్చి పంపుతుంది. పేగులో పడ్డాకే మెలకువ.

నాగావళి ఒడ్డున మా పాత తాటాకిల్లు గుర్తొస్తోంది. సంక్రాంతి వెల్లకి మా అమ్మ కాల్చిన సున్నపుగుల్ల కుండలో పోసి అటకెక్కించేది. పొడిగా ఉన్నన్నాళ్లూ ఏమీ చెయ్యదు. గోతిలో పోసి నీళ్లు కొడితేనే కుతకుత. నా తొమ్మిదో ఏట తుఫానుకి కప్పు కారి కుండలోకే నీళ్లు దిగాయి. కుండ పగిలింది, పక్కనున్న చోళ్ల బస్తా మాడింది, ఆవిరి కప్పు కింద కమ్మేసి ఇంటిల్లిపాదీ దగ్గుతూ వానలోకి పరిగెత్తాం. మా నాన్న ఏడ్చింది చోళ్ల కోసమే.

క్లోమంలోనూ రసం దారిలోనే మేలుకుంటే అంతే. మావయ్యకి పిత్తాశయంలోంచి రాయి జారి దారికడ్డం పడింది. కళ్లు పచ్చబడిందీ అందుకే. ఈ జబ్బు సారా వల్లా వస్తుంది గనక ఊళ్లో నలుగురూ నోటికొచ్చింది అనేశారు. తెలీకుండా అలా అనకూడదమ్మా.

కడుపుకీ ఊపిరితిత్తులకీ మధ్య అటకలాంటి పలచని కండరం ఉంది. కింద మంట దానికి తగిలితే నొప్పికి గాలి పూర్తిగా పీల్చలేం. ఊపిరితిత్తుల అడుగు ముడుచుకుపోతుంది. వాటి చుట్టూ, ఎక్కువగా ఎడమపక్క, నీరు చేరుతుంది.

ఇక్కడితో నా సున్నపు కుండ చాలదు. సున్నం సెగ మా ఇల్లు దాటలేదు గానీ, ఈ మంట జోరైతే రక్తంలో పడి ఊరంతా తిరుగుతుంది. ఊపిరితిత్తుల్లో సన్నని రక్తనాళాలు కారి గాలి గదుల్లోకి నీరొస్తుంది. మూత్రపిండాలూ దెబ్బతినొచ్చు. ఇంత పని జానెడు ముక్కది! నాకిప్పటికీ విడ్డూరమే.

మావయ్య మంచం పక్కన మూడు బంతుల బొమ్మ చూశావు కదా, అది ఆటవస్తువు కాదు. గొట్టంతో గాలి లోపలికి పీలిస్తే బంతులు లేస్తాయి. ముడుచుకున్న అడుగు విచ్చుకోడానికి అది. ఆదివారం నాటికి ఒక్కటే లేచేది. ఈసారి వెళ్లినప్పుడు పక్కన నిలబడి, ఎన్ని లేచాయో చూసి నాకు రాయి.

మీ తాత