వేసవి సంగీత శిబిరాలు: అపోహలు – వాస్తవాలు

ఏప్రిల్ నెలాఖరుకు పరీక్షలు ముగిసి బడులకు సెలవులు ఇవ్వగానే, పిల్లలు అక్కడే బస చేసి కర్ణాటక సంగీతం నేర్చుకునే శిబిరాల గురించి తల్లిదండ్రులు వాకబు చేయడం మొదలుపెడతారు. అటువంటి శిబిరాలలో గాత్రం నేర్పే నాకు ఏటా ఎదురయ్యే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. ఆ ప్రశ్నల వెనుక ఉన్న నమ్మకాలలో కొన్నింటిని విడమరిచి చెప్పవలసిన అవసరం ఉంది.

అపోహ: మూడు వారాలు ఉంచితే కనీసం నాలుగైదు కీర్తనలైనా రావాలి.

కీర్తనలు వస్తాయి, కాదనను. అయితే హడావుడిగా వచ్చిన కీర్తన బడులు తెరిచేలోగా సగం జారిపోతుంది. ఇంట్లో ఒంటరిగా సాధన చేసే పిల్లలకు దొరకనిది, శిబిరంలో మాత్రమే దొరికేది మరొకటి ఉంది: పొద్దున లేచింది మొదలు తోటివారి గొంతుల మధ్య, తోటివారి తాళం మధ్య గడపడం.

ఉదాహరణకు ఉదయం పూట అందరం వలయంగా కూర్చుని అలంకారాలు (ఒక్కో తాళంలో కూర్చిన స్వరవరుసలు) పాడుకుంటాం. చతురశ్రజాతి ధ్రువతాళం దగ్గరికి వచ్చేసరికి ఏటా ఒకే చోట ఒకే తప్పు దొర్లుతుంది. ఆ తాళంలో నాలుగు అక్షరాల (లెక్కల) లఘువు, అంటే ఒక దెబ్బ, ఆపై చిటికెన వేలి నుంచి వేళ్ల లెక్క; రెండు అక్షరాల ద్రుతం, అంటే ఒక దెబ్బ, ఆపై అరచేయి వెల్లకిలా తిప్పడం; ఆపైన మరి రెండు లఘువులు, వెరసి 14 అక్షరాలు ఉంటాయి. ఒక లఘువు, రెండు ద్రుతాలు ఉండే ఆదితాళానికి అలవాటుపడిన చేయి మాత్రం ఒక లఘువు, ఒక ద్రుతం పూర్తికాగానే తనంతట తానే రెండో ద్రుతం వేసేస్తుంది. చుట్టూ ఉన్నవారంతా చిటికెన వేలు లెక్కిస్తూ ఉండగా తన అరచేయి ఒక్కటే వెల్లకిలా తిరిగి ఉండటం ఆ పిల్లవాడి కంట పడుతుంది. నేను నోరు తెరవకముందే దిద్దుకుంటాడు. ఇంటి దగ్గర ఇదే తప్పును నెలల తరబడి ఎవరూ గమనించకపోవచ్చు. బృందంగా పాడినప్పుడు కాలం పరుగెత్తడం కూడా ఇలాంటిదే. విలంబంలో, అంటే నెమ్మదిగా, మొదలుపెట్టిన వరుస నాలుగో ఆవర్తానికే (తాళం నాలుగో చుట్టుకే) వేగం అందుకుంటుంది, దాన్ని పట్టి నిలపడం ఒక్కరే కూర్చుని పాడుకుంటే అబ్బే విద్య కాదు.

కాబట్టి శిబిరంలో చేర్చే ముందు ఎన్ని కీర్తనలు చెబుతారని కాక, పిల్లలను శ్రుతిని (పాటకు ఆధారమైన స్వరం ఎత్తును) బట్టి వేరు చేసి కూర్చోబెడతారా అని అడగండి. హెచ్చైన అయిదు శ్రుతిలో హాయిగా పాడే అమ్మాయినీ, గొంతు మారి ఒకటి శ్రుతికి దిగిన అబ్బాయినీ ఒకే తంబూర ముందు కూర్చోబెట్టి వర్ణం (గీతాల తరువాత నేర్పే పెద్ద రచన) పాడిస్తే ఇద్దరిలో ఒకరి గొంతు తప్పక నలుగుతుంది.

అపోహ: తెల్లవారుజామున నాలుగింటికి లేపకపోతే అది సాధనే కాదు.

వేకువ సాధన మంచిదే. పరిసరాలు నిశ్శబ్దంగా ఉంటాయి, పైగా మే నెల ఎండలో పది దాటాక రేకుల షెడ్డు కింద ఎవరి గొంతూ పలకదు. కాని ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటినవారికి 8 నుంచి 10 గంటలు నిద్ర అవసరం. రాత్రి పది దాకా కచేరీ వినిపించి నాలుగింటికి తలుపు తట్టే చోట పిల్లలు తాళం వేస్తూనే కునుకు తీస్తారు. పైగా నిద్ర లేచిన వెంటనే స్వరతంతువులు కొద్దిగా ఉబ్బి ఉంటాయి కనుక మంద్ర (కింది), మధ్య స్థాయులలో దీర్ఘస్వరాలతో మొదలుపెట్టాలే తప్ప తారస్థాయికి పోకూడదు.

అపోహ: పెరుగన్నం, చల్లని నీళ్లు గొంతును పాడు చేస్తాయి.

మింగిన పదార్థం అన్నవాహికలోకి వెళుతుంది, స్వరతంతువులు శ్వాసమార్గంలో ఉంటాయి; కాబట్టి మనం తిన్నదీ తాగినదీ వాటిని నేరుగా తాకదు. మిరియాల కషాయం, పటికబెల్లం గొంతుకు ఉపశమనం ఇస్తాయన్నది నిజమే గాని వాటి ప్రభావం అంతవరకే. పెరుగు పడని పిల్లలు ఉంటారు, వారి సంగతి వేరు. తక్కినవారికి మండువేసవిలో మధ్యాహ్నం పెరుగన్నం మానిపించడం కంటే రోజంతా నీళ్లు తాగించడం ముఖ్యం. నేను చూసినంతలో శిబిరంలో గొంతులు బొంగురుపోయేది భోజనాల వల్ల కాదు, సాయంత్రం క్రికెట్లో "అవుట్, అవుట్" అని అరిచే అరుపుల వల్ల, రాత్రి అంత్యాక్షరి వల్ల.

అపోహ: గొంతు మారే వయసులో అబ్బాయిలు పాట మానేయాలి.

స్వరపేటిక పెరిగి తంతువులు పొడవూ మందమూ అయ్యే ఆ దశలో అబ్బాయిల గొంతు దాదాపు ఒక స్థాయి (స నుంచి పై స దాకా ఉండే మేర) కిందికి దిగుతుంది. ఆ నెలలలో పూర్తిగా ఆపించడం వల్ల పిల్లవాడు సంగీతానికే దూరమయ్యే ప్రమాదం ఎక్కువ. శ్రుతి తగ్గించి, అందినంత మేరకే, మెల్లగా పాడిస్తూ, మిగతా సమయాన్ని లయ మీద, స్వరజ్ఞానం మీద, వినికిడి మీద పెట్టిస్తే సరిపోతుంది. గొంతు పిసికి పాత శ్రుతినే పట్టుకు వేలాడటం మాత్రం హానికరం. తోటివారు నవ్వకుండా చూసుకోవడం కూడా ఉపాధ్యాయుల పనే.

అపోహ: వరాళి రాగం గురువు నేరుగా నేర్పితే గురుశిష్యులకు పడదు.

త్యాగరాజస్వామి ఘనరాగ పంచరత్న కీర్తనలు నేర్పే శిబిరంలో ఈ ప్రశ్న రాక తప్పదు, ఎందుకంటే నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని ఆ అయిదింటిలో వరాళి ఒకటి. దీనికి శాస్త్రాధారం ఏదీ నాకు కనిపించలేదు. రాగం కష్టమైనది అన్నది మాత్రం వాస్తవం: శుద్ధ గాంధారం (గ) రిషభానికి (రి) చాలా దగ్గరగా ఉంటుంది, ప్రతిమధ్యమం (హెచ్చు మ) పంచమం (ప) వైపు ఒరిగి పలుకుతుంది, ఆ రెండూ లేత చెవికి త్వరగా చిక్కవు. ఆ చిక్కు దగ్గరే గురువులకు ఓపిక నశించి నమ్మకం పుట్టిందేమో మరి! నేను నేర్పుతాను, ఇంతవరకు ఎవరితోనూ తగవు రాలేదు.

అపోహ: స్వరం రాసి ఉన్న పుస్తకం, ఫోన్లో రికార్డింగు ఉంటే చాలు.

1904లో తెలుగు లిపిలో వెలువడిన సుబ్బరామ దీక్షితులవారి "సంగీత సంప్రదాయ ప్రదర్శిని"లో ఒక్కొక్క గమకానికీ (స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరుకూ) గుర్తులు పెట్టారు. అంతటి గ్రంథాన్ని ముందు పెట్టుకున్నా, కంపితం అనే గమకంలో స్వరం ఎంత ఊగాలో ఒకసారి ఎదురుగా విన్న చెవికే ఆ గుర్తులు మాట్లాడతాయి. రికార్డింగు పాఠాన్ని గుర్తుచేస్తుంది, నిజమే; కాని పిల్లవాడు పాడినది విని ఎక్కడ తప్పాడో చెప్పదు. అందుకే మా తరగతులలో మొదట పాఠాన్ని నోటితో అప్పజెప్పిన తరువాతే రికార్డు చేసుకోనిస్తాం.

అపోహ: ముగింపు రోజున ఒంటరిగా పాడే అవకాశం రాకపోతే మా పిల్ల వెనుకబడినట్టే.

గీతాల (తొలి సరళమైన పాటల) దశలో ఉన్నవారు బృందంగానే పాడతారు, వర్ణం రెండు కాలాలలో (వేగాలలో) నిలబెట్టగలిగినవారికి మాత్రమే పక్కవాద్యాలతో అవకాశం ఇస్తాం. మృదంగం, వయొలిన్ పక్కన మొదటిసారి కూర్చున్న పిల్లకు తన తాళం తనకే వినిపించదు. ఆ భయం ఒకసారి పడితే మళ్లీ వేదిక ఎక్కించడం కష్టం, కనుక ఈ విషయంలో తల్లిదండ్రులు ఎంత అడిగినా మేము మెత్తబడం.